నా పొదుపు వాళ్లకు పిసినారితనంలా కనిపిస్తోంది

జనగామ నుంచి వచ్చి హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్న ఒక అమ్మ పెద్ద ఉత్తరం రాశారు. వయసు 66. భర్త జిల్లా పరిషత్ హైస్కూల్లో అటెండర్‌గా చేసి రిటైరయ్యారు, మూడేళ్ల కిందట చనిపోయారు. ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. కొడుకు, కోడలు ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. నిజాంపేటలో సొంత ఫ్లాట్, దానికి ఈఎంఐ. మనవరాలు ఎనిమిదో తరగతి, మనవడు మూడో తరగతి. "నన్ను మంచిగనే చూసుకుంటరు. తిండికి, బట్టకు లోటు లేదు. కానీ రోజూ పది రూపాయల కాడ, ఇరవై రూపాయల కాడ మాట తేడా వస్తున్నది" అని మొదలుపెట్టారు.

ఖాళీ గదిలో లైటు ఆర్పితే కోడలు పైకి ఏమీ అనదు, మొహం మాత్రం మాడిపోతుంది. కూకట్‌పల్లి రైతుబజారుకు బస్సులో వెళ్లి సంచీ నిండా కూరగాయలు తెస్తే కొడుకు, "అపార్ట్‌మెంట్లో వాళ్లు చూస్తే ఏమనుకుంటారమ్మా, నాకు చెబితే ఇంటికే తెప్పిస్తా కదా" అంటాడు. కడిగి దాచిన పార్సిల్ డబ్బాలన్నీ, ఆమె ఓ పెళ్లికి వెళ్లి వచ్చేసరికి చెత్తబండికి పోయాయి. వేయించిన నూనె మిగిలితే కోడలు సింకులో పోసేస్తుంది. పోయిన నెల ఓ సాయంత్రం కోడలు ఫోన్‌లో కొత్తిమీర, కరివేపాకు తెప్పిస్తే సరుకు 28 రూపాయలు, దాని మీద డెలివరీ అని, హ్యాండ్లింగ్ అని ఇంకో 35. "గింత కొత్తిమీరకు గన్ని పైసలా బిడ్డా? నేను కిందికి పోయి తెస్తుంటి గదా" అన్నారట. కోడలు మాట్లాడలేదు. రాత్రి వాళ్ల గదిలోంచి "ఈ ఇంట్లో ప్రతిదానికీ లెక్క చెప్పుకోవాలా?" అనడం వినపడింది. రెండు రోజుల తర్వాత మనవరాలు ఏదో మాట మీద "నానమ్మా, నువ్వు మరీ చీప్" అని నవ్వింది.

ఇంకో సంగతి కూడా రాశారు. 2016లో నోట్లు రద్దయినప్పుడు బియ్యం డబ్బాలోంచి, పోపుల డబ్బాలోంచి 22 వేలు బయటికి తీసి కొడుకు చేతిలో పెట్టారు. ఇంటికి ఎవరొచ్చినా కొడుకు ఆ కథ చెప్పి నవ్విస్తాడు. "వాడి ఇంజినీరింగ్ మొదటేడు ఫీజు కూడా గసొంటి డబ్బాలకెల్లే వచ్చింది. అది మాత్రం ఎవ్వరికీ యాదికి లేదు" అన్నారు. చివర్లో, తన కోసం తానేమీ ఖర్చు పెట్టించనని, బీపీ మాత్ర కూడా రోజు విడిచి రోజు వేసుకుంటున్నానని రాసి, మూడు ప్రశ్నలు అడిగారు. "తప్పు నాదేనా? నోరు మూసుకొని ఉండాల్నా? జనగామకు పోవాల్నా?"

అమ్మా, మీరు అడిగిన మూడింటికీ జవాబు చెప్తాను. దానికంటే ముందు మీరు అడగనిది ఒకటి చెప్పాలి. బీపీ మాత్ర రోజూ వేసుకోండి, ఈ రోజు నుంచే. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేయడానికి అది జ్వరం బిళ్ల కాదు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, అందుకే అది ప్రమాదం. అది పక్షవాతానికో, గుండె జబ్బుకో, కిడ్నీలు పాడవడానికో దారి తీస్తే మీరు పదేళ్లుగా మిగిల్చినదంతా ఒక్క వారంలో ఆసుపత్రికి పోతుంది. మీరేమో మంచాన పడతారు. ఇన్నాళ్లూ మాత్ర ఎలా వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పండి, ఒకసారి బీపీ చూపించుకోండి. ఖర్చే మీ బాధ అయితే జన ఔషధి దుకాణాల్లో జెనరిక్ మాత్రలు చాలా తక్కువకు దొరుకుతాయి. బస్తీ దవాఖానాలో డాక్టరు చూసి ఉచితంగానే ఇస్తారు. ఈ సంగతి మీ కొడుక్కి కూడా చెప్పండి. మీరు మాత్రలు మిగిలిస్తున్నారని తెలిస్తే అతను నవ్వడు.

ఇక తప్పు మీదేనా అన్నది. దీనికి ఒక్క ముక్కలో జవాబు ఇస్తే మీకు అన్యాయం చేసినట్టే. మీ ఉత్తరంలో చెప్పిన ఒక్కో గొడవనూ విడిగా చూశాను. కొన్నింట్లో మీరు రైటు, కొన్నింట్లో మీ కోడలు రైటు, ఒకటి రెండింట్లో ఎవరూ గెలవాల్సిన పనే లేదు.

ముందు లైట్లు. మీరు సంసారం మొదలుపెట్టిన రోజుల్లో ఇళ్లల్లో 60 వాట్ల బల్బులుండేవి. అనవసరంగా వెలుగుతున్న బల్బును ఆర్పడం అప్పుడు నిజంగా ఆదా. ఇప్పుడు మీ ఫ్లాట్లో ఉండేవి 9 వాట్ల ఎల్‌ఈడీలు. అలాంటిది రోజుకు ఐదు గంటలు ఊరికే వెలిగినా నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా కాలదు. నెలకు 300 యూనిట్లు దాటిన ఇంట్లో పై యూనిట్లకు 9 రూపాయల చొప్పున వేసుకున్నా అది పన్నెండు రూపాయలు. ఆ పన్నెండు రూపాయల కోసం మీరిద్దరూ రోజుకు నాలుగుసార్లు మనసు కష్టపెట్టుకుంటున్నారు. అదే ఏసీ చూడండి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు యూనిట్ నుంచి యూనిట్‌న్నర దాకా తీసుకుంటుంది. రాత్రంతా నడిస్తే 70 నుంచి 100 రూపాయలు. 18లో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు 24లో పెడితే, డిగ్రీకి దాదాపు 6 శాతం చొప్పున మిగులుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది కూడా ఇందుకే. ఖాళీ గదిలో పాత రకం ఫ్యాను రోజుకు నాలుగు గంటలు తిరిగితే నెలకు 80 రూపాయలు. కాబట్టి లైట్లు వదిలేయండమ్మా. కళ్లెదుట వెలుగుతుంటే ప్రాణం ఆగదని తెలుసు, అయినా వదిలేయండి. ఫ్యాను ఆపండి, అదీ ఎవరికీ వినపడేలా నిట్టూర్చకుండా. ఏసీ మాట మాత్రం కొడుకుతో ఒక్కసారి, బిల్లు చేతిలో పట్టుకుని మాట్లాడండి. రోజూ అనే మాటకంటే బిల్లు పక్కన పెట్టుకుని ఒకసారి అనే మాటకు విలువ ఎక్కువ.

పార్సిల్ డబ్బాల విషయంలో నేను మీ కోడలి వైపు. ఆ పలచటి ప్లాస్టిక్ డబ్బాలు ఒక్కసారి వాడి పారేయడానికి చేసినవి. వాటిలో వేడి కూర, పచ్చడి, నూనె సరుకులు దాచడం ఆరోగ్యానికి మంచిది కాదు. అయితే మీరు ఊళ్లో లేనప్పుడు చెప్పకుండా పారేయడం మాత్రం బాగాలేదు. మీకు కష్టం కలిగింది డబ్బాలు పోయినందుకు కాదు, మిమ్మల్ని అడగనందుకు. ఆ మాట మీరు కోడలితో అనవచ్చు. "నాకు చెప్పి పారేస్తే నేనే సాయం పట్టేదాన్ని" అంటే చాలు, అందులో నిందేమీ లేదు.

నూనె సంగతిలో ఇద్దరికీ సగం సగం. సింకులో పోస్తే నూనె వృథా, పైపు కూడా పూడుకుపోతుంది. అలాగని పూరీలు వేయించిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించడం మంచిది కాదు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో దీనికి సులువైన దారి చెప్పింది. ఒకసారి వేయించిన నూనెను వడకట్టి కూరల్లో వాడుకోవచ్చు. మళ్లీ వేయించడానికి వాడకూడదు, ఒకటి రెండు రోజుల్లో అయిపోగొట్టాలి. పూరీలు చేసేప్పుడు మూకుడులో నూనె తక్కువ పోస్తే మిగిలేదీ తక్కువే. మీ కోడలితో ఇది పంచుకోండి. ఇద్దరి మాటా నిలిచే చోటు ఇదొక్కటే కనిపించింది నాకు.

కొత్తిమీర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అసలు ముడి అక్కడుంది. 28 రూపాయల సరుకుకు 35 రూపాయల ఖర్చు ఎక్కువే, మీరు అన్నదాంట్లో అబద్ధం లేదు. కూరగాయలు కొంటే కొత్తిమీర కట్ట కొసరుగా వేయించుకున్న చేతులకు అది మరీ కష్టంగా ఉంటుంది. అలాంటి ఆర్డర్లు నెలకు ఇరవై అయితే ఏడు వందలు. కానీ ఆ సాయంత్రం మీ కోడలి స్థానంలో కాసేపు ఉండి చూడండి. మీరే రాశారు, ఆమెకు రాత్రి తొమ్మిది దాకా ఆఫీసు కాల్స్ ఉంటాయని. ఆ 35 రూపాయలతో ఆమె కొనుక్కున్నది ఇరవై నిమిషాల కూర్చునే తీరిక. అది దుబారా అని నేను అనలేను. మీరు వెళ్లి తెస్తానన్నారు, ప్రేమతోనే అన్నారు. కానీ ఆర్డరు పెట్టేశాక అన్న మాట సాయంలా వినపడదు, తప్పు పట్టినట్టే వినపడుతుంది.

ఇంకొకటి గమనించాను, బాధపడకండి. మీ ఉత్తరంలో ఖర్చుల పేరు వచ్చిన దాదాపు ప్రతిచోటా కోడలే ఉంది. రాత్రి పదకొండుకు బిర్యానీ తెప్పించేది మీ కొడుకని మీరే ఒక చోట రాశారు. అది ఒక్క వాక్యంలో దాటిపోయింది. కొత్తిమీరకు మాత్రం ఒక పేజీ పట్టింది. ఇంట్లో కూడా ఇలాగే జరుగుతూ ఉంటే, ఆమెకు ప్రతి మాటా "నీకు సంసారం చేయడం రాదు" అన్నట్టే తగులుతుంది. లెక్క చెప్పుకోవాలా అని ఆమె అన్నది అందుకే అయ్యుంటుంది. ఆమె కూడా సంపాదిస్తోంది, ఈఎంఐలో సగం ఆమె జీతం నుంచే పోతుండవచ్చు.

మీ వైపు కూడా అంతే గట్టిగా చూడాల్సింది ఉంది, దాన్ని మీ ఇంట్లో ఎవరూ చూసినట్టు లేదు. మీ ఆయన ఒకటో తారీఖున జీతం తెచ్చి చేతికిచ్చేవారు, నెలాఖరు దాకా లాగాల్సింది మీరు. రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన 1983 నాటికి మీ చంకలో పిల్లలున్నారు. మీకు జీతం లేదు. ఆ ఇంటికి మీరు తెచ్చిన రాబడి ఏమిటంటే, ఖర్చు కాకుండా మీరు ఆపిన డబ్బే. కిరోసిన్ దగ్గర ఆపినది, చీర కొనకుండా ఆపినది, చిన్న చీటీ కట్టి కూడబెట్టినది. ఆ రాబడిలోంచే ఒకరోజు ఇంజినీరింగ్ ఫీజు వచ్చింది. అంటే పొదుపే మీ ఉద్యోగం. మీరు లైటు ఆర్పినప్పుడు కోడలి మొహం మాడితే, ఆమెకు అది పది రూపాయల సంగతే. మీకు మాత్రం నలభై ఏళ్ల ఉద్యోగాన్ని పనికిరానిదన్నట్టు అనిపిస్తోంది. ఆ నొప్పి నిజమైనది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అందుకే, ఆ నోట్ల రద్దు కథ గురించి మీ కొడుకుతో మాట్లాడండి. ఇది వాయిదా వేయకండి. ఆ నవంబరులో దేశమంతటా ఎందరో ఆడవాళ్ల డబ్బాలు ఇలాగే బయటపడ్డాయి. ఎవరికీ తెలియకుండా దాచుకున్న కాస్త భద్రతను అందరి ముందూ పెట్టాల్సి వచ్చింది. మీ అబ్బాయి చెడ్డవాడని కాదు, ఆ కథలో నవ్వు తప్ప ఇంకేదీ అతనికి ఎవరూ చూపించలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. "ఆ కథ చెప్పేటప్పుడు నీ ఫీజు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పు, లేకపోతే కథే చెప్పకు." అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. మనవరాలు "చీప్" అన్న మాట ఎక్కడినుంచో నేర్చుకుంది. అమ్మమ్మలు, నానమ్మల పొదుపు నవ్వుకునే విషయమని ఆ పిల్ల హాల్లో కూర్చుని విన్నది కదా. కొడుకు ఆ నవ్వు ఆపితే సగం అక్కడే సర్దుకుంటుంది.

నోరు మూసుకుని ఉండాలా అని అడిగారు. ఉండవచ్చు, చాలామంది పెద్దవాళ్లు అదే చేస్తారు. కొన్నాళ్లు ఇల్లు ప్రశాంతంగా కనిపిస్తుంది కూడా. కానీ మీరు ఉత్తరం నిండా రాసిన మనిషి. మీ నోరు ఆగినా గిన్నెల చప్పుడు ఆగదు. మెల్లగా అన్నం కూడా గదిలోకి తీసుకెళ్లి తినడం మొదలవుతుంది. పైగా మీకు తెలిసిన విద్య ఆ ఇంట్లో ఎవరికీ అందకుండా పోతుంది. ఇప్పుడున్నట్టే ప్రతిదానికీ ఒక మాట అంటూ పోతే, ఇంకో ఏడాదికి మీ కోడలు మీరున్న గదిలో ఫోన్ తీయడం మానేస్తుంది. ఖర్చు తగ్గదు, మీకు కనపడకుండా జరుగుతుంది.

నాకు నచ్చే దారి ఇంకొకటి ఉంది, దానికీ ఖరీదుంది. అన్నింటి మీదా కొంచెం కొంచెం అధికారం కోసం తగవు పడే బదులు ఒక్కదాన్ని పూర్తిగా మీ చేతిలోకి తీసుకోండి. కూరగాయలు, ఆకుకూరలు, పాలు, పెరుగు. కోడలితో ఇలా చెప్పి చూడండి: "నువ్వు ఖర్చు పెడుతున్నావని కాదు బిడ్డా, నాకు ఈ ఇంట్లో ఓ పని కావాలె. కూరగాయలు నాకిడిసిపెట్టు, నెలకింత అని ఇయ్యి." ఆమె ఒప్పుకుంటే నెలకు ఒక మొత్తం మీ చేతికి వస్తుంది, అందులో మిగిలింది మీది. ఎంత మిగిలిందో వాళ్లు అడగకూడదు. అలాగే మిగతా ఖర్చుల్లో మీరు మాట కలపకూడదు. పిజ్జా వచ్చినా, ఒకేలాంటి రెండో జత బూట్లు వచ్చినా. ఇదే దీని ఖరీదు, చిన్నదేమీ కాదు. ఎప్పుడైనా అర్ధరాత్రి టమాటాలు యాప్‌లో వస్తే చూడనట్టు ఊరుకోగలరా? ఊరుకోలేననిపిస్తే ఈ ఒప్పందం మొదలే పెట్టకండి, సగంలో చెడితే ఇప్పటికంటే కష్టం. ఇంకో జాగ్రత్త. కూరగాయలు తెచ్చే పని మెల్లగా తరిగే పని, వండే పని, టిఫిన్ బాక్సులు కట్టే పని అయిపోతుంది. మోకాళ్లు నొప్పులని మీరే రాశారు. ఎంతవరకు చేయగలరో మొదటి రోజే చెప్పండి.

బస్సు మాత్రం ఎవరి కోసమూ మానకండి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని, నచ్చిన రోజు నచ్చినచోట దిగే వీలు మీ వయసులో చాలామందికి మొదటిసారి దొరికింది. రైతుబజారులో నలుగురితో మాట్లాడి, ధర అడిగి, వంకాయ పుచ్చు చూసి ఏరుకుని రావడం మీకు వారంలో మంచి పూట అని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. కొడుకు పరువు మాట ఎత్తితే, అది డబ్బు మిగల్చడానికి కాదని, నాకు ఇష్టమని చెప్పండి. నిజం కూడా అదే కదా. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం వద్దు.

మనవరాలి సంగతి. ఆ పిల్లకు పొదుపు గురించి ఉపన్యాసం ఇవ్వకండి, పదమూడేళ్లకు ఎవరూ వినరు. మీరు కూరగాయల్లో మిగిల్చే డబ్బుతో ఇంకో పని చేయవచ్చు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతోనే తెరవవచ్చు. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరు మీదే తెరుచుకోవచ్చు. గడువు ఐదేళ్లు, అంటే ఇప్పుడు మొదలుపెడితే ఆమెకు 18 నిండే సమయానికి డబ్బు చేతికొస్తుంది. ఆ పిల్లనే వెంట తీసుకెళ్లి సంతకం పెట్టించండి, పాస్‌బుక్ ఆమె దగ్గరే ఉంచండి. మీరు 200 వేస్తే తన పాకెట్ మనీలోంచి 100 వేయమనండి. ఒకవేళ వద్దంటే బలవంతం చేయకండి, మీ 200 మీరు వేస్తూ ఉండండి. ఫీజు కథ కూడా ఆ పిల్లకు మీ నోటితోనే చెప్పండి. వాళ్ల నాన్న చెప్పేదానికంటే మీరు చెప్పేది వేరుగా ఉంటుంది.

మీ పెన్షన్ గురించి మీరు ఒక్క లైనే రాశారు, బ్యాంకులో పడి ఉంటోందని. దాంట్లోంచి నెలనెలా కొంత మీ మీద ఖర్చు పెట్టుకోండి. మంచి చెప్పులు, కళ్లజోడు, చుట్టాలింటి శుభకార్యానికి మీ చేత్తో కట్నం. ఏదైనా సరే, ఎవరినీ అడగకుండా. మీరు మీ మీద ఖర్చు పెట్టుకోవడం చూస్తే మీ కోడలికి కూడా గుండె కొంచెం తేలికపడుతుంది. తన మీద తాను రూపాయి పెట్టుకోని మనిషి ముందు ఏది కొన్నా తప్పు చేస్తున్నట్టే ఉంటుంది ఎవరికైనా.

ఇక జనగామ. అక్కడ ఇల్లుంది, తెలిసిన వాకిలి, తెలిసిన మనుషులు. మీరు వెళ్లాలనుకోవడంలో తప్పు లేదు, అది మీ ఇల్లు. ఒంటరిగా పూర్తిగా ఉండిపోవాలంటే మాత్రం బీపీ ఒకసారి అదుపులోకి వచ్చాక, రాత్రిపూట పిలిస్తే పలికే మనిషి పక్కింట్లో ఉన్నారని తేల్చుకున్నాక ఆలోచించండి. ఏడాదిలో రెండు మూడు నెలలు అక్కడ, మిగతాది ఇక్కడ అనుకుంటే ఇంకా మంచిది. మీకూ ఊపిరి, వాళ్లకూ ఊపిరి. పిల్లలకు సెలవులైతే వెంట తీసుకుపొండి. కానీ ఎప్పుడు వెళ్లినా, వెళ్లే తేదీతో పాటు వచ్చే తేదీ కూడా చెప్పి వెళ్లండి. కోపంలో బస్సెక్కితే, మళ్లీ రావడానికి ఎవరో ఒకరు వచ్చి బతిమాలాలి. మన ఇళ్లల్లో ఆ పని కొడుకు మీద పడదు, కోడలి మీదే పడుతుంది.